దొర బరువు ఎనిమిది కిలోలు

మధ్యాహ్నం రెండూ పదికి పిన్ని ఆ ఇంటి గేటు తీసింది. సాయంత్రం ఐదింటికి వంటమనిషిని పోలీసులకు అప్పగించాలని ఆ ఇంట్లో అప్పటికే తీర్మానమైపోయింది. అంటే చేతిలో ఉన్నది రెండు గంటల యాభై నిమిషాలు. కడుపులో ఉన్నది పొద్దున తిన్న రెండు బిస్కెట్లు.

ముప్పై ఏళ్ళ డిటెక్టివ్ వృత్తిలో ఆవిడ పారిపోయిన భర్తలను వెతికి తెచ్చింది, దొంగ సంతకాలు పట్టుకుంది, నూతిలో పడేసిన పిస్తోలును గాలం వేసి పైకి తీయించింది. ఇప్పుడు ఆ ఇంటి పెద్దావిడ తరఫున ఒక పెంపుడు కుక్క ఎందుకు చిక్కిపోతోందో తేల్చడానికి వచ్చింది. వృత్తిలో చిన్నా పెద్దా అందరూ ఆవిడను పిన్ని అనే పిలుస్తారు. ఆ చనువును అడ్డం పెట్టుకునే ఇలాంటి కేసులు తనకు అంటగడతారని ఆవిడకు గట్టి అనుమానం.

బయట సన్నగా జల్లు పడుతోంది. అయినా ఇంటి పెద్దావిడ గదిలో కిటికీలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతోంది. పిన్ని స్వెట్టరు బొత్తాలు మెడదాకా పెట్టుకుంది.

పెద్దావిడకు డెబ్బై ఏళ్ళుంటాయి. వదులుగా వేలాడే పొడుగు గౌనులో మంచం నుంచి కిటికీకీ, కిటికీ నుంచి మంచానికీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. చంకలో దొర ఉన్నాడు. దొర అంటే కుక్క. ఒళ్ళంతా జూలు, కళ్ళు కనబడవు. తల ఎటో తోక ఎటో మొరిగితే తప్ప తెలియదు.

"కూర్చో అమ్మా. ఆ కుర్చీ కాదు, అది దొరది."

పిన్ని స్టూలు మీద కూర్చుంది.

"ఎనిమిది వారాల్లో మూడున్నర కిలోలు తగ్గాడు. పదకొండున్నర ఉండేవాడు, ఎనిమిదికి వచ్చాడు. ఇంకో ఎనిమిది వారాలైతే నా చేతుల్లో ఏం మిగులుతుంది? జూలు మిగులుతుంది!" పెద్దావిడ గొంతు వణికింది. పుస్తకం అందించిన చెయ్యి కూడా వణికింది. ఆ చేతి ఉంగరానికి జారిపోకుండా దారం చుట్టి ఉంది.

పిన్ని పుస్తకం తెరిచింది. మొదటి పేజీ మూలన 64 అని రాసి చుట్టూ గీత గీసి ఉంది. ఏదో ఫోను నంబరు తాలూకు ముక్క కాబోలనుకుని తిప్పేసింది. తర్వాత అన్నీ ఆదివారాలు, అన్నీ ఉదయం ఏడు గంటలు. పదకొండున్నర, పదకొండు, పదిన్నర, పది. దిగుతూ వచ్చి మొన్న ఆదివారం ఎనిమిది.

"ఎవరు తూచారు?"

"ఇంకెవరు తూస్తారు? నేనే ఎత్తుకుని తూస్తాను. ఇంకొకరి చేతికి ఇస్తే వీడు ఊరుకోడు."

"తిండి?"

ఆ ప్రశ్న అడిగినందుకు పిన్ని తర్వాత చాలాసేపు విచారించింది. పెద్దావిడ చెప్పడం మొదలుపెట్టింది. మొదటి రెండు వారాలు అంగట్లో దొరికే పొడి గింజలు, పూటకు తొంభై గ్రాములు. పడలేదు. మానిపించి ఉడికించిన కోడిమాంసం, అన్నం, క్యారెట్టు. పడలేదు. అన్నం తీసేసి గుమ్మడికాయ. పడలేదు. గుమ్మడికాయ తీసేసి చేప. చేప తీసేసి మళ్ళీ గుమ్మడికాయ.

"పడలేదని ఎలా తెలిసింది? వాంతులా? విరేచనాలా?"

"అబ్బే, అలాంటివేం లేవు. పుస్తకంలో బరువు తగ్గింది కదా!"

"మరి పశువుల డాక్టరుకు చూపించారా?"

"కారెక్కితే వీడికి తల తిరుగుతుంది. ఫోన్లో చెప్పాను. తిండి సరిపోతుందిలెండి, ఒకసారి తీసుకురండి అన్నాడు. ఎంత నిర్లక్ష్యమో చూడు!"

గోడ మీద పెద్ద కాగితం అంటించి ఉంది. పైన దొర తినవలసినవి నల్లసిరాతో, కింద తినకూడనివి ఎర్రసిరాతో. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్టు, ఉడికిన ఎముకలు, కాఫీ. ఒక్కొక్కదాని కింద రెండేసి గీతలు. తన ఇంట్లో తన తిండి గురించి ఎవరూ ఒక చీటీముక్క కూడా అంటించలేదని పిన్నికి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

"నేను పోయాక వీడి గతేమిటి? అందుకే ఈ ఇల్లు జంతువుల ఆసుపత్రికి రాసేస్తున్నాను. రెండు నెలల నుంచి అంటూనే ఉన్నా. ఎల్లుండి వకీలు వస్తాడు." పెద్దావిడ గొంతు తగ్గించింది. "ఒక మాట. ఎవరితోనూ అనకు. ఈ తూకాలన్నీ అయ్యాక మధ్యాహ్నం నేను మంచం చాటున కాస్త కోడిమాంసం విడిగా పెడతాను. చూస్తూ ఊరుకోలేక."

గుమ్మంలో దగ్గు వినబడింది. మేనల్లుడు. నలభై ఏళ్ళుంటాయి, చొక్కా నలగలేదు, మాట అంతకన్నా నలగలేదు.

"అత్తయ్యకు రాత్రిళ్ళు నిద్ర లేదు మేడమ్. దొర బెంగతో సగమైపోయింది. కంచం ఖాళీ చేస్తుంది కానీ ఒంటికి పట్టదు. ఆ వంటమనిషి వెళ్ళిపోతే అన్నీ సర్దుకుంటాయి. ఇకనుంచి అత్తయ్య వంట కూడా నేనే చూసుకుంటాను." నడవలోకి రాగానే ఆయన కూడా గొంతు తగ్గించాడు. "నేను కూడా రాత్రి ఎనిమిదింటికి దొరకు డబ్బా మాంసం పెడుతున్నాను. అత్తయ్యకు చెప్పకండి."

అందరూ రహస్యంగా మేపేవాళ్ళే, కుక్క మాత్రం చిక్కిపోతోంది. అందరూ శాకాహారులే, రొయ్యలబుట్ట మాయం అన్నట్టుంది ఈ ఇంటి సంగతి.

రెండూ యాభైకి వంటింట్లో అడుగుపెట్టేసరికి పిన్నికి అసలు తలనొప్పి ఎదురైంది. ఫైలుబాబు. మూడేళ్ళు ఆవిడ దగ్గరే పని నేర్చుకుని, నాలుగో ఏడు ఆవిడ ఆఫీసుకు ఎదురుగానే బోర్డు పెట్టుకున్న శిష్యరత్నం. పడుకున్నా చంకలో ఫైలుంటుందని వాళ్ళావిడే చెబుతుంది. మేనల్లుడు అతన్ని వారం కిందటే పెట్టుకున్నాడు.

"మీకెందుకు పిన్నీ ఈ వయసులో శ్రమ? కేసు పొద్దున పదకొండింటికే ముగించేశాను."

"ముగించావు సరే, మొదలెప్పుడు పెట్టావు?"

ఫైలుబాబు వినిపించుకోలేదు. మూలన నిలబడ్డ వంటమనిషి వైపు పెన్ను చూపించాడు. "సాక్ష్యం నంబరు ఒకటి. సింకు కింద దాచిన గిన్నె. రెండు. పప్పుడబ్బాల వెనక ఈ రేకుడబ్బా, నిండా తెల్లటి పొడి. మూడు. ఉద్దేశం. కుక్క కోసం కొన్న కోడిమాంసం తను తినేస్తోంది. అది బయటపడకుండా కుక్కకు విషం పెడుతోంది."

"మాంసం తను తినేస్తే కుక్క ఎలాగూ చిక్కుతుంది. దానికి మళ్ళీ విషం కూడా ఎందుకురా? చచ్చిన పామును చంపడానికా?"

"ఆ సంగతి పోలీసులు అడుగుతారు, ఐదింటికి."

పిన్ని డబ్బా లాక్కుంది. వేళ్ళు అడుగు తగిలేదాకా పొడిలో కెలికింది. పొడి తప్ప ఇంకేం లేదు. ఒక వేలు నోట్లో పెట్టుకుంది. ఫైలుబాబు కెవ్వుమన్నాడు.

"గుడ్డు పెంకులు," అంది పిన్ని ఉమ్మేసి.

"ఎండబెట్టి మెత్తగా నూరి చిటికెడు కలుపుతానమ్మా," అంది వంటమనిషి. "దొర ఎముకలకు బలమని ఎవరో చెప్పారు."

పిన్ని అలవాటు కొద్దీ గడియారం చూసింది. మూడూ ఐదు. ఫైలుబాబు కూడా అలవాటు కొద్దీ ఆ టైము ఫైల్లో రాసుకున్నాడు. నేర్పిన బుద్ధులు పోవు కదా. అతన్ని నడవలోకి తరిమి పిన్ని వంటింటి తలుపు వేసింది.

"ముందు నాకో కప్పు కాఫీ ఇవ్వు తల్లీ. తల పగిలిపోతోంది. ఆ తర్వాత నిజం చెప్పు."

"కాఫీపొడి డబ్బాకు తాళమమ్మా. తాళం చినబాబు దగ్గర, అదే అమ్మగారి మేనల్లుడి దగ్గరుంటుంది. అమ్మగారికి పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి ఆయనే కలిపిస్తారు. రెండు నెలలైంది, నన్ను ముట్టుకోనివ్వడం లేదు. నా చేతిలో చిక్కదనం కుదరదట."

కుక్కకు ఇన్ని పూటలు మేత ఉన్న ఇంట్లో తనకు ఒక్క కప్పు కాఫీకి గతి లేదు. పిన్నికి ఆ క్షణంలో తోచింది అంతే. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషికి అంతకుమించి తోచి ఉండవలసింది. ఆకలి మనిషిని మొద్దు చేస్తుంది.

"సరే, సింకు కింద గిన్నె?"

వంటమనిషి ఏడవలేదు. ఏడుపు అయిపోయినవాళ్ళ ముఖంలా ఉంది ఆమె ముఖం. "పొద్దున అమ్మగారు స్నానానికి వెళ్ళగానే ఆ గిన్నెలో దొరకు గుడ్డూ అన్నమూ పెడతాను. తూకమేసి పెట్టేది చాలక చిక్కుతున్నాడేమోనని. నేను తిన్నది లేదమ్మా. పెట్టడమే నా నేరం. ఈ వంటింట్లో పంతొమ్మిదేళ్ళు నిలబడ్డాను. ఇవాళ పోలీసుల ముందు నిలబెడితే రేపు ఏ ఇంటి గడప నన్ను లోపలికి రానిస్తుంది?"

పిన్ని గడియారం చూసింది. మూడూ ఇరవై.

వంటింటి పెరటి గుమ్మంలోనే నిలబడి పశువుల డాక్టరుకు ఫోను చేసింది. ఏ ఇంటి నుంచి మాట్లాడుతోందో చెప్పగానే అవతల నుంచి పెద్ద నిట్టూర్పు వినబడింది.

"గుమ్మడికాయా? చేపా? ఇవాళ ఏం మార్చారు?"

"మార్చలేదు డాక్టరుగారూ. కుక్క చిక్కిపోతోందంటున్నారు. అన్ని పూటలు తినే కుక్క ఎందుకు చిక్కుతుంది?"

"కంటితో చూడందే ఏం చెప్పను? ఒక్క నిమిషం." కాగితాలు తిప్పిన చప్పుడు. "ఆ థైరాయిడ్ మాత్రలు ఆపేశారు కదా? అప్పట్లో దొర మరీ మందకొడిగా ఉంటే ఇచ్చాను. తర్వాత రక్తపరీక్షలో అంతా బాగుంది. ఆపేయమని ఆ మేనల్లుడికి చెప్పి రెండు నెలలు దాటింది. ఇంకా వేస్తుంటే మాత్రం ప్రమాదం. ఎంత తిన్నా చిక్కిపోతుంది, గుండె దడ, వేడికి తట్టుకోలేకపోవడం, వణుకు, ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం. మనుషులకిచ్చే మాత్రలాంటిది కాదండీ, కుక్కలకిచ్చేది ఎన్నో రెట్లు బలమైనది."

"చిక్కిందో లేదో నాలాంటిదానికి తెలిసేదెలా? ఒంటినిండా జూలు."

"జూలు చూడకండి, చెయ్యి పెట్టి డొక్కలు తడమండి. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా గుచ్చుకుంటే చిక్కినట్టు. చెయ్యి చాచినప్పుడు వెనకవైపు ఎలా ఉంటుందో అలా తగిలితే సరిగ్గా ఉన్నట్టు. అరచెయ్యిలా మెత్తగా తగిలితే, దయచేసి తిండి తగ్గించమనండి."

పిన్ని వంటమనిషిని వెంటబెట్టుకుని నడవలోకి వచ్చి ఫైలుబాబు ముందు చెయ్యి చాచింది. "ఆ ఫైలు ఇలా ఇవ్వు."

"మీకు ఇవ్వకూడదు. అయినా చూడండి, నాకేం భయం? మా క్లయింటు దొరను ఎంత శ్రద్ధగా చూసుకుంటాడో రుజువు చెయ్యడానికి ఒక్క రసీదు కూడా వదలకుండా కుట్టాను."

నిజంగానే వదల్లేదు. డబ్బా మాంసం రసీదులు, సబ్బు రసీదులు, వాటి వెనక మందుల షాపు రసీదులు మూడు. పాత చీటీ మీదే తెచ్చిన థైరాయిడ్ మాత్రలు, వంద మాత్రల సీసాలు, మూడూ దొర పేరు మీదే. డాక్టరు ఆపేయమన్న తర్వాత కొన్నవే మూడూ. ఆఖరి సీసా కొని మూడు రోజులైంది.

పిన్నికి ప్రాణం లేచొచ్చింది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. నలగని చొక్కావాడు దొరికాడు! ఎల్లుండి వకీలు రాకముందే కుక్కను మట్టుబెట్టి, ఇల్లు జంతువుల పాలు కాకుండా చూసుకుంటున్నాడు. ఆ నేరం వంటమనిషి నెత్తిన రుద్దుతున్నాడు. మూడూ నలభైకి కేసు తేలిపోయింది. ఇంటికెళ్ళి అన్నం తినొచ్చు.

ఆ సంతోషం ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. పెద్దావిడను బతిమాలి దొరను పెరటి వరండాలోకి తెచ్చుకుని, జూలులోకి చేతులు దూర్చి డొక్కలు తడిమింది. కణుపులు లేవు. చేతి వెనకవైపు కూడా లేదు. అరచెయ్యి. అదీ బాగా తిని పెరిగిన అరచెయ్యి. డొక్క ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

"ఇదేం ఖర్మరా నాయనా," అంది పిన్ని దొరతో. దొర ఆవిడ చెయ్యి నాకాడు.

"తూచే మిషను పాడైపోయి ఉంటుంది," అన్నాడు ఫైలుబాబు. వెళ్ళమన్నా వెళ్ళకుండా వెనకే వచ్చాడు.

వంటమనిషి మిషను తెచ్చింది. విప్పని పది కిలోల బియ్యం సంచి ఎత్తి పెట్టారు. ముల్లు సరిగ్గా పది మీద నిలబడింది. మిషను నిఖార్సుగా ఉంది. తర్వాత దొరను ఎక్కించారు, దిగిపోయాడు. కూర్చోబెట్టారు, ముల్లును చూసి మొరిగి దిగిపోయాడు. పిన్నికి తలప్రాణం తోకకొచ్చింది. దొరకు మాత్రం ఏ ప్రాణం ఎక్కడికీ రాలేదు, ఆటనుకుని తోక ఊపుతున్నాడు. నాలుగవుతుండగా మేనల్లుడు వంటింటి గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"అత్తయ్య కాఫీ వేళైంది. మీరంతా ఇక్కడే ఉండండి మేడమ్, నాకు వంటింట్లో అడ్డం ఉంటే చెయ్యి ఆడదు." తలుపు మూసుకున్నాడు.

చివరికి బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ తొట్టిని మిషను మీద పెట్టి, దొరను అందులో కుదేశారు. వంటమనిషి మెడ గోకుతుంటే కదలకుండా పడుకున్నాడు.

"పద్నాలుగు!" అన్నాడు ఫైలుబాబు.

"తొట్టి బరువు తీసెయ్యాలి కదరా." ఖాళీ తొట్టి తూచారు. కిలో. "పదమూడు."

పుస్తకంలో ఎనిమిది, మిషను మీద పదమూడు. మూడు వైపుల నుంచి మేపిన కుక్క పెరగవలసినట్టే పెరిగింది. అయితే పుస్తకం ఎందుకు తగ్గింది? పెద్దావిడ అబద్ధం రాసే మనిషి కాదు. ఎత్తుకుని తూచింది. ఎత్తుకుని తూస్తే...

పిన్ని తొట్టి వైపు చూసింది. తొట్టి బరువు తీసెయ్యాలి. ఎత్తుకున్న మనిషి బరువు కూడా తీసెయ్యాలి. మొదటి పేజీ మూలన గుండ్రని గీతలో అరవై నాలుగు.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది! రెండుంబావు నుంచి నా ఒళ్ళోనే ఉంది ఆ పేజీ!" అంటూ మిషను చంకన పెట్టుకుని పరుగెత్తింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి అలా పరుగెత్తడం ఫైలుబాబు మూడేళ్ళలో ఎప్పుడూ చూడలేదు.

నాలుగూ ఇరవైకి పెద్దావిడ గదిలో మిషను నేల మీద దబ్బున పడింది. మేనల్లుడు కిటికీ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనకే దొర, దొర వెనక వంటమనిషి, ఆ వెనక ఫైలుబాబు.

"అమ్మగారూ, మీ బరువెంత?"

"అరవై నాలుగు. పదేళ్ళుగా అంతే."

"ఎప్పుడు తూచుకున్నారు?"

"పుస్తకం మొదలుపెట్టిన రోజు. అయినా ఇప్పుడు నా గొడవెందుకు? దొరను ఎత్తుకుని ఎక్కుతాను, ముల్లు చూస్తాను, అరవై నాలుగు తీసేస్తాను. చిన్నపిల్లలకు కూడా వచ్చే లెక్క."

"ఒక్కసారి దొర లేకుండా ఎక్కండి."

"నాకేం రోగం? నేనెందుకు?"

"ఎక్కండమ్మా!" పిన్ని గొంతు విని దొర మంచం కిందికి దూరాడు. పెద్దావిడ గొణుక్కుంటూ ఎక్కింది. ముల్లు ఊగి ఊగి ఆగింది. యాభై తొమ్మిది.

"మిషను పాడైంది," అంది పెద్దావిడ.

"మిషను బాగానే ఉంది. దొర కూడా బాగానే ఉన్నాడు, పదమూడు కిలోలు. తగ్గింది మీరు, ఐదు కిలోలు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారని సామెత. మీ ఇంట్లో అంతకన్నా ఘోరం. ఎనిమిది వారాలు అందరూ చంకలోవాడినే చూశారు, ఎత్తుకున్న మనిషిని ఒక్కరూ చూడలేదు."

దారం చుట్టిన ఉంగరం. వణికే చేతులు. చలిలో ఫ్యాను. ఖాళీ అయ్యే కంచం, పట్టని నిద్ర. పశువుల డాక్టరు ఫోన్లో చెప్పినవన్నీ రెండుంబావు నుంచీ ఈ గదిలో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయి. పిన్నికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేను చెప్పలేదూ!" ఫైలుబాబు ఎగిరి గంతేశాడు. "విషం పెట్టింది కుక్కకు కాదన్నమాట, అమ్మగారికి! ఆ డబ్బాలో పెంకులు పైపైన పోసి అడుగున ఏం దాచిందో ఇప్పుడే తేలుస్తాను!" వంటింట్లోకి ఉరికి రేకుడబ్బా తెచ్చి, ఫైలు పరిచి దాని మీద బోర్లించాడు.

పొడితో పాటు ఒక సీసా పడింది. థైరాయిడ్ మాత్రల సీసా, వందవి. మూత లేదు, లోపల ఒక్క మాత్ర కూడా లేదు.

"అది నాది కాదమ్మా! దొర మీద ఒట్టు, నాది కాదు!" వంటమనిషి గోడకు చేరగిలబడింది.

"చూశారా మేడమ్," అన్నాడు మేనల్లుడు మెల్లగా. "నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను."

ఫైలుబాబు మాత్రం గెలిచినవాడిలా లేడు. సీసా వైపు చూసి, ఫైలు తిప్పి, తన చేతిరాతనే రెండుసార్లు చదువుకున్నాడు. అతనికి అహంకారం ఉంది కానీ, రాసుకున్నదాన్ని కాదనే గుణం లేదు.

"మూడూ ఐదు," అన్నాడు. "పిన్ని వేళ్ళు అడుగు తగిలేదాకా కెలికింది. పొడి తప్ప ఏమీ లేదు. ఇదిగో, రాసుకున్నాను. అప్పటి నుంచి వంటమనిషి పిన్ని దగ్గరో నా దగ్గరో ఉంది." తలెత్తి మేనల్లుడి వైపు చూశాడు. "నాలుగింటికి మీరు తలుపు మూసుకున్నారు సార్."

"కాఫీ కలపడానికి వెళ్ళాను. అంతే." నలగని మాట మొదటిసారి నలిగింది. ఆయన గుమ్మం వైపు రెండడుగులు వేశాడు. ఫైలుబాబు ఫైలును గుండెకు హత్తుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ పిల్లాడికి పని నేర్పినందుకు పిన్ని ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి సంతోషించింది.

కానీ సంతోషించడానికి టైము లేదు. సీసా కొని మూడు రోజులు. మొదటి రెండు సీసాల లెక్కన పూటకు రెండు చొప్పున కాఫీలో కలిపితే ఈపాటికి పన్నెండు మాత్రలు ఖర్చు కావాలి. మిగతా ఎనభై ఎనిమిది? ఎల్లుండి వకీలు. ఇవాళ ఐదింటికి వంటమనిషి మీద పోలీసులు, ఆమె డబ్బాలో ఖాళీ సీసా. నెమ్మదిగా చంపేవాడికి తొందరొచ్చింది.

పిన్ని ఫోను తీసి ఆంబులెన్సుకు కలిపింది. అవతల గంట మోగుతుండగానే అడిగింది. "అమ్మగారూ, ఇవాళ కాఫీ తాగారా?"

పెద్దావిడ ఆ గొడవలో ఒక్క ముక్క కూడా వినలేదు. మంచం కింది నుంచి దొరను లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. జూలులో ముఖం దాచుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. "పదమూడా! నా తండ్రి పదమూడు కిలోలా! వీడికేం లేదన్నమాట! అంతా నాకేనన్నమాట!"

"కాఫీ అమ్మా! కాఫీ తాగారా?"

"ఆఁ, ఇందాకే. ఇవాళ రెండు కప్పులు తాగించాడు. ఇంత చేదేమిట్రా అంటే, మందులా మింగేయ్ అత్తయ్యా అన్నాడు."

మంచం పక్క బల్ల మీద రెండు కప్పులూ ఉన్నాయి. ఒకదాని అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంది. వాసన పట్టిన దొర పెద్దావిడ ఒళ్ళోంచి మెడ చాచి ఆ కప్పులో మూతి పెట్టబోయాడు. ఆవిడ అలవాటు కొద్దీ చటుక్కున దాన్ని దూరంగా జరిపింది.

"వద్దు నాన్నా, ముట్టుకోకు," అంది ముద్దుగా, గోడ మీది ఎర్రసిరా కాగితం చూపిస్తూ. "అది నీకు విషం."